ట్రాక్టరు ఇంజనుకు ఆయిలు మార్చుకొనుట

ఎడ్లబండి తోలిన రైతునకు కందెన సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. ఆముదములో గడ్డిమసి కలిపి ఇరుసుకు పూయనిచో బండి ఊరు దాటకముందే కీచుమని అరచును. రైతు బండి ఆపి, కందెన వేసి, మరల సాగిపోవును. ట్రాక్టరు ఇంజను అట్లు ముందుగ అరచి చెప్పదు. లోపల ఆయిలు చెడినను, తగ్గినను, కొంతకాలము మామూలుగనే నడచుచున్నట్లు కనిపించి, ఒక్కసారిగ బిగిసిపోవును. అందుచేత ఆయిలును వేళకు మార్చుట, ఆ మార్పును తప్పులేకుండ చేయుట, ట్రాక్టరు గల ప్రతి రైతును నేర్వదగిన పని. పని చిన్నదే. మొదటిసారి చేయువారికి రెండు గంటలు పట్టును. అలవాటైన పిదప గంట చాలును. అయితే ఇందులో చిన్న మరపు పెద్ద నష్టము తెచ్చును.

నేను పనిచేసిన ఒక కాలువ క్రింది గ్రామములో జరిగిన సంగతి చెప్పెదను. సార్వా దమ్ములు జోరుగ సాగుచున్న రోజులవి. ఒక రైతు తన ట్రాక్టరుకు తానే ఆయిలు, ఫిల్టరు మార్చుకొని మరునాడు దమ్ముకు దించెను. మధ్యాహ్నమునకు ఇంజను మడిలోనే ఆగిపోయినది. నేను వెళ్లునప్పటికి ఆయన గట్టుమీద కూర్చుండి, "కొత్త ఆయిలే పోశానండీ ఏవోగారూ, కల్తీ ఆయిలేమోనండీ" అన్నాడు. ఆయిలు మంచిదే. పాత ఫిల్టరు విప్పినప్పుడు దాని రబ్బరు రింగు ఇంజనుకే అంటుకొని ఉండిపోయినది. అది చూడక దానిమీదనే కొత్త ఫిల్టరు బిగించెను. రెండు రింగులు ఒకదానిమీద ఒకటి నిలువలేక జారినవి. ఆయిలంతయు మడిలో కలిసిపోయినది. మీటర్ల పలకమీద ఎర్రదీపము వెలిగియే ఉండును, కాని దానిమీద బురద చిందియుండుటచే ఎవరును చూడలేదు. బేరింగులు పోయి, క్రాంకు దెబ్బతిని, బండి రెండు వారములకు పైగా షెడ్డులోనే ఉండిపోయినది. ఆయన మడి, ఆయన ఒప్పుకొన్న పది మంది మడులు అన్నియు ఆలస్యమైనవి. కొన్ని రూపాయల రింగు చేసిన నష్టమది.

ఆయిలు ఎందుకు చెడును

ఇంజనులోని ఆయిలు అనేక పనులు చేయును. ఇనుము ఇనుముతో రాపిడి పడకుండ నడుమ పొరగా నిలుచును. పిస్టనుల వేడిని కొంత తీసికొని పోవును. మసిని, అరుగుదల పొడిని కడిగి తనలో ఇముడ్చుకొనును. తుప్పు పట్టనీయదు. ఇన్ని పనులు చేయుటలో తానే క్రమముగ మలినమగును. డీజిలు మండగ వచ్చు మసి, ఆమ్లములు, గాలిలోని ధూళి, చల్లని ఇంజనులో పేరుకొను తేమ, సరిగా మండని డీజిలు దానిలో చేరును. అందులో కలిపిన రక్షక పదార్థములు కూడ ఖర్చయిపోవును.

ఆయిలు నల్లబడుటను చూచి చాలమంది భయపడుదురు. డీజిలు ఇంజనులో కొత్త ఆయిలు కొలది గంటలలోనే నల్లబడును. మసి అడుగున గడ్డకట్టకుండ ఆయిలు తనలో తేల్చి ఉంచుకొనుటయే దీనికి కారణము. కావున రంగును చూచి కాదు, గంటలను చూచి ఆయిలు మార్చవలెను.

ఎప్పుడు మార్చవలెను

ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకములో ఎన్ని గంటలకు మార్చవలెనో వ్రాసియుండును. సాధారణముగ కొత్త ట్రాక్టరుకు మొదటి మార్పు 50 గంటలకును, పిదప పెక్కు ట్రాక్టర్లకు 250 గంటలకొకసారియు చెప్పుదురు. కొన్ని కొత్త రకములకు ఇంకను ఎక్కువ గడువు గలదు. మీ బండి పుస్తకములో ఉన్న మాటయే మీకు ప్రమాణము. అన్ని గంటలు నడువకున్నను సంవత్సరమునకొకసారి మార్చవలెను. నిలిచియున్న బండిలో కూడ ఆయిలు తేమ పట్టును. దమ్ముల మధ్య గడువు వచ్చునని తోచినచో, దమ్ములకు ముందే మార్చుట మేలు.

గ్యారంటీ గడువులో ఉన్న బండికి కంపెనీ సర్వీసు చేయించి, రసీదు దాచుకొనవలెను. ఆ గడువు దాటిన పిదప సొంతముగ చేసికొనవచ్చును.

ఏ ఆయిలు పోయవలెను

డబ్బామీద రెండు గుర్తులు చూడవలెను. ఒకటి చిక్కదనము. 15డబ్ల్యు-40, 20డబ్ల్యు-40 అని ఉండును. డబ్ల్యు ప్రక్క అంకె చల్లని ఇంజనులో ఆయిలు ఎంత తేలికగ పారునో తెలుపును. రెండవ అంకె వేడెక్కిన ఇంజనులో దాని చిక్కదనమును తెలుపును. వేసవిలో 45 డిగ్రీలు చేరు మన ప్రాంతములలో ఈ రెండవ అంకె ముఖ్యము. రెండవ గుర్తు నాణ్యతను తెలుపును. డీజిలు ఇంజనుకు పనికివచ్చు ఆయిలు గుర్తు సి అక్షరముతో మొదలగును: సి.హెచ్-4, సి.ఐ-4 మొదలగునవి. గేరుపెట్టెకు, హైడ్రాలిక్కుకు పోయు ఆయిలు వేరు. దానిని ఇంజనులో పోయరాదు.

35 మొదలు 50 హార్సుపవరు ట్రాక్టర్లలో పెక్కింటికి సుమారు 6 నుండి 8 లీటర్లు పట్టును. సరియైన కొలత పుస్తకములో చూచుకొనవలెను. సీలు ఊడిన డబ్బా, విడిగా అమ్ము ఆయిలు కొనరాదు.

ముందుగ సిద్ధము చేసికొనవలసినవి

సరిపడు ఆయిలు, మీ ఇంజనుకు తగిన కొత్త ఫిల్టరు, దాని రబ్బరు రింగు, డ్రైను బోల్టుకు కొత్త రాగి వాషరు, సరియైన కొలత రింగుపానా, ఫిల్టరు విప్పు పట్టీ, పది లీటర్లు పట్టు వెడల్పు తొట్టి, శుభ్రమైన గరాటు, నూలు పోగులు రాలని గుడ్డలు, సబ్బు, మూత గల ఖాళీ డబ్బా, ఒక గంప ఇసుక లేక ఊక. బోల్టు తలకు సరిపోని పానాతో తిప్పినచో తల అరిగి, మరునాడు మేస్త్రీని పిలువవలసి వచ్చును.

ప్రమాదము రాకుండ

బండిని సమతలముగ, గట్టినేలపై నిలుపవలెను. వాలులో నిలిపినచో ఆయిలు పూర్తిగ దిగదు, కొలతయు తప్పును. నాగలిగాని, రోటవేటరుగాని వెనుక ఉన్నచో నేలకు దించవలెను. హ్యాండుబ్రేకు వేసి, చక్రములకు ముందు వెనుక రాళ్లు పెట్టి, తాళము తీసి జేబులో వేసికొనవలెను. పిల్లలు తాళము తిప్పి బండి కదిలిన సంఘటనలు పల్లెలలో లేకపోలేదు. కండువా తీసివేసి, పంచె బిగించి కట్టుకొనవలెను. ఇంజను తిరుగునప్పుడు ఫ్యాను బెల్టు గుడ్డకొసను లాగినచో మనిషిని వదలదు. మూసిన షెడ్డులో ఇంజను తిప్పరాదు. ఆ పొగలోని విషవాయువునకు రంగు, వాసన లేవు. బీడీ, చుట్ట దగ్గర ఉండరాదు.

ట్రాక్టరు ఎత్తైనది గనుక జాకీతో లేపనక్కరలేదు. ఇదే విధముగ కారుకు ఆయిలు మార్చదలచినవారు మాత్రము ఒక మాట గట్టిగ గుర్తుంచుకొనవలెను. జాకీ ఒక్కదానిపై నిలిపిన కారు క్రిందికి ఎన్నడును దూరరాదు. జాకీ జారినచో తప్పించుకొను వ్యవధి ఉండదు. గట్టి స్టాండ్లపై నిలిపిన తరువాతనే క్రిందికి వెళ్లవలెను. లేదా గుంత గల షెడ్డునకు తీసికొని పోవలెను.

పని చేయు క్రమము

1. ఇంజనును అయిదు, పది నిముషములు నడిపి ఆపవలెను. గోరువెచ్చని ఆయిలు తేలికగ దిగును, మడ్డిని వెంట తెచ్చును. పొలమునుండి అప్పుడే వచ్చిన బండి ఆయిలు ఒళ్లు కాల్చును. అట్టి బండిని అరగంట ఆరనీయవలెను.

2. ఆయిలు పోయు మూతచుట్టు, డ్రైను బోల్టుచుట్టు, ఫిల్టరుచుట్టు ఉన్న బురద, దుమ్ము ముందే తుడువవలెను. పిదప పైమూత తీయవలెను.

3. డ్రైను బోల్టు ఇంజను క్రింది ఆయిల్ ఛాంబరు అడుగున ఉండును. వెనుక క్లచ్చి దాటిన తరువాత గేరుపెట్టెకు కూడ ఇట్టి బోల్టులే ఉండును. మొదటిసారి చేయువారు పొరపాటున దానిని విప్పుట కద్దు. పుస్తకములోని బొమ్మతో సరిచూచుకొని పానా పెట్టవలెను.

4. తొట్టి క్రింద పెట్టి, బోల్టును గడియారపు ముళ్లకు ఎదురుగ తిప్పి వదులు చేయవలెను. చివరి మరలు చేతితో విప్పుచు, ముఖము, మోచేయి ధారకు ఎడముగ ఉంచవలెను. చుక్కలు ఆగువరకు, అనగా ఇరువది నిముషములు, వదలవలెను.

5. బోల్టును తుడిచి, కొత్త వాషరు వేసి బిగించవలెను. మొదట చేతితో కొన్ని మరలు ఎక్కించి, ఆ పిమ్మట పానా వాడవలెను. అడ్డముగ ఎక్కిన మర ఛాంబరునే పాడుచేయును. బిగువు కుదిరిన తరువాత పానాపై కాలు పెట్టి త్రొక్కరాదు.

6. పాత ఫిల్టరు విప్పి, దాని రింగు దానితోనే వచ్చినదా అని చూడవలెను. రానిచో ఇంజను ముఖముపై వేలితో తడిమి తీసివేయవలెను. పైన చెప్పిన రైతు తప్పినది ఇక్కడనే. కొత్త ఫిల్టరు రింగుకు కొంచెము కొత్త ఆయిలు పూసి చేతితో బిగించవలెను. రింగు తగిలిన తరువాత సుమారు ముప్పాతిక చుట్టు చాలును. గిన్నెలో ఉంచు కాగితపు ఫిల్టరు అయినచో, గిన్నె కడిగి తుడిచి, పాత రింగు తీసి కొత్తది వేయవలెను.

7. గరాటుతో ఆయిలు పోయవలెను. కొలతలో చివరి లీటరు మిగిల్చి, గేజిపుల్ల చూచుచు కొంచెము కొంచెముగ పోయవలెను. పైగీటు దాటరాదు. ఎక్కువైన ఆయిలును క్రాంకు చిలికి నురుగు చేయును; ఇంజను వేడెక్కును, సీళ్లు కారును.

8. స్టాపు నాబు లాగి పట్టుకొని కొన్ని క్షణములు సెల్ఫు త్రిప్పవలెను. ఇంజను అంటుకొనకుండగనే కొత్త ఆయిలు బేరింగులకు చేరును. ఆ తరువాత స్టార్టు చేసి, ఎర్రదీపము ఆరువరకు, లేక మీటరు ముల్లు లేచువరకు ఆక్సిలరేటరు పెంచరాదు. కొన్ని క్షణములలో అట్లు జరుగనిచో వెంటనే ఆపవలెను.

9. మూడు, నాలుగు నిముషములు నడిపి ఆపి, డ్రైను బోల్టు, ఫిల్టరు రెంటిచుట్టు తడి ఉన్నదేమో చూడవలెను. పది నిముషములు ఆగి గేజిపుల్ల తుడిచి మరల చూడవలెను. ఫిల్టరు నిండుటచే ఆయిలు కొంత దిగును. ఆ మేరకు పోయవలెను. మరునాడు పనికి దించిన గంటకు ఒకసారి ఆపి మరల చూచుట మంచిది.

పాత ఆయిలు చెప్పు సంగతులు

దిగిన ఆయిలును పారవేయకముందు పరిశీలింపవలెను. పాలవలె తెల్లగ ఉన్నచో రేడియేటరు నీరు లోపలికి చేరుచున్నదని అర్థము. పలుచబడి డీజిలు వాసన కొట్టినచో, లేక పోసినదానికన్న ఎక్కువ దిగినచో, డీజిలు లోపలికి కారుచున్నది. బోల్టుకు మెరయు ఇనుపముక్కలు అంటినచో లోపల ఏదియో అరుగుచున్నది. ఈ మూడింటిలో ఏది కనిపించినను బండిని పనికి దించక మేస్త్రీకి చూపవలెను. గేజిపుల్ల మట్టము పెరిగినదని సంతోషించుట పొరపాటు. ఆయిలు తనంతట తాను పెరుగదు.

పాత ఆయిలును ఏమి చేయవలెను

ఇది అందరును చులకనగ చూచు విషయము. పంటకాలువలోనో, గట్టుమీదనో పోసిన ఆయిలు నీటిపై పొరగా పరచుకొని చేపలకు ఊపిరాడనీయదు. నేలలో ఇంకి బావినీటికి చేరవచ్చును. పశువుల పుండ్లకు పూయు అలవాటు మానవలెను. పశువు ఆ చోటు నాకినచో అందులోని లోహములు కడుపులోకి పోవును. దోమలకని గుంటలలో పోయుట, పొయ్యిలో మండించుట కూడ తగదు. వాడిన ఆయిలు పదే పదే చర్మమునకు తగులుట చర్మవ్యాధులకు, కాలక్రమమున కాన్సరునకు దారితీయవచ్చును. కావున పని ముగిసిన వెంటనే సబ్బుతో చేతులు కడుగవలెను, డీజిలుతో కడుగరాదు. తడిసిన గుడ్డలు జేబులో పెట్టుకొనరాదు.

వాడిన ఆయిలును శుద్ధిచేసి తిరిగి మంచి ఆయిలు చేయవచ్చును. 2016 నాటి కేంద్రప్రభుత్వ ప్రమాదకర వ్యర్థముల నియమములు వాడిన ఆయిలుకు కూడ వర్తించును. మూత గల డబ్బాలో పోసి, నీరుగాని డీజిలుగాని కలుపక, ట్రాక్టరు సర్వీసు కేంద్రమునకో, రిజిస్టరైన సేకరణదారునకో ఇవ్వవలెను. నేలమీద ఒలికినదానిపై ఇసుక, ఊక చల్లి ఎత్తివేయవలెను.

గ్రామ అధికారులకు మనవి

ఒక గ్రామములో ఇరువది ట్రాక్టర్లు ఉన్నచో, ఏటేట నూరు లీటర్లకు తక్కువ కాకుండ పాత ఆయిలు దిగును. రైతులందరు ఒకచోట చేర్చినచో సేకరణదారుడు ఊరికి వచ్చి తీసికొనిపోవును. ఒక పీపా, దానికొక నీడగల చోటు ఏర్పాటు చేయుట గ్రామ అధికారులకు కష్టము కాదు. కస్టమ్ హైరింగ్ కేంద్రముల ట్రాక్టర్లకు అనేకులు డ్రైవర్లు గనుక ఆయిలు మార్చిన తేదీ, గంటల మీటరు అంకె, మార్చినవారి పేరు పుస్తకములో వ్రాయించవలెను. సొంత బండి గల రైతు కూడ మడ్‌గార్డు లోపల రంగుతో ఆ అంకె వ్రాసికొన్నచో మరపు రాదు.

పైన చెప్పిన రైతు ఆ ఏడు నష్టపోయినను ట్రాక్టరును వదలలేదు. ఇప్పటికిని తన చేతులతోనే ఆయిలు మార్చుకొనును. అయితే పాత ఫిల్టరు విప్పగనే దాని రింగును తీసి, ఇంటి స్తంభమునకు కొట్టిన మేకుకు తగిలించును. ఆ తరువాతనే కొత్త ఫిల్టరు చేతికి తీసికొనును. రైతు సోదరులు కూడ ఇట్టి ఆనవాలు ఒకటి పెట్టుకొని, రాబోవు దమ్ములకు ముందే ఈ పని ముగించుకొనవలెను.