కథలోని ముడి, శాస్త్రములోని ముడి

చిత్తూరు జిల్లా నైరుతి కొనయందు, ఒకవంక కర్ణాటకమును మఱొకవంక తమిళనాడును హద్దులుగా గల కుప్పము సీమలో, శాంతిపురము మండలపు బాలుడు బడిలో తెలుగు చదివి, సంతలో కన్నడము విని, బంధువుల యింట తమిళము మాటాడుట విశేషము గాదు. అట్టి బాలునికి టీవీలోనో, ఫోనులోనో, వీడియో ఆటలోనో కథ చూపి శాస్త్రము నేర్పబూనినచో ఆ కథ యెట్లుండవలె ననునది మనము శ్రద్ధతో విచారింపవలసిన ప్రశ్న.

ఈ ప్రయత్నము మన దేశమునకు క్రొత్తది గాదు. 1975 ఆగస్టు 1వ తేదీ మొదలుకొని ఒక సంవత్సరకాలము, అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహముద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టీవీ కార్యక్రమములు ప్రసారమయ్యెను. ఆంధ్రప్రదేశమునందలి గ్రామములును అందులో నుండెను. కోళ్లగూటి తీగెవలతో అల్లిన మూడు మీటర్ల గొడుగువంటి యాంటెనాతో ఆకాశమునుండి బొమ్మను అందుకొని, ఉదయము బడిపిల్లలకును సాయంకాలము పెద్దలకును చూపిరి. ఒకే బొమ్మతోపాటు రెండు భాషల ధ్వనిని వేర్వేరుగా పంపగల సదుపాయము అందుండెను. మూడు భాషలు కలియు కుప్పము సీమవంటి చోట్లకు ఇంతకన్న తగిన యేర్పాటు మఱేమి కావలెను!

అయితే బొమ్మ యింటికి చేరినంతమాత్రమున విద్య బుద్ధికి చేరదు. 1969లో అమెరికాలో ఆరంభమైన సెసమీ స్ట్రీట్ ధారావాహికను నిర్మించినవారు ఈ సంగతి నెఱిగి, ఎడ్వర్డ్ పామర్ అను మనశ్శాస్త్రజ్ఞునిచే ముందుగా పరీక్షలు చేయించిరి. పిల్లవానియెదుట టీవీ నుంచి, ప్రక్కనే మఱొక తెరపై ఏడున్నర సెకన్ల కొకసారి మాఱు రంగురంగుల చిత్రములను చూపుచు, వాని కన్ను ఎప్పుడు టీవీని విడిచి ప్రక్కకు మరలెనో పరిశోధకులు వ్రాసికొనిరి. పెద్దవారు కూర్చుండి సుదీర్ఘముగ బోధించు ఘట్టములలో చూపు చెదరెను. అట్టి ఘట్టములను వారు మార్చిరి, లేదా తీసివేసిరి. బాలుని చూపునే పరీక్షాధికారిగా అంగీకరించిన ఈ వినయము నాకు మిక్కిలి పూజ్యముగా తోచును.

కాని చూపు నిలిచినను చదువు నిలువకపోవచ్చును. మనస్సు ఒక్క క్షణమున పట్టియుంచగల విషయములు బహు కొద్ది. కథను అనుసరించుటకును పాఠమును గ్రహించుటకును ఆ కొద్దిపాటి చోటే దిక్కు. ఈ రెండును వేర్వేరుగా నడచినచో కథ గెలుచును, పాఠము ఓడును. పాఠము తెలియనిదే కథలోని ముడి విడనట్లు కూర్చినచో రెండింటికిని ఒకే శ్రమ చాలును. షాలమ్ ఫిష్ అను పండితుడు 2000లో ప్రకటించిన సిద్ధాంతసారము ఇదియే.

కుప్పము సీమలో విరివిగా సాగు పట్టుపురుగుల పెంపకమునే ఉదాహరణముగా గైకొందము. నిన్నటిదాక మల్బరీ ఆకును కరకర నమలిన పురుగులు నేడు తలలెత్తి కదలక నిలిచినవి. తట్టలో ఆకు అట్లే వాడుచున్నది. తెగులు తగిలినదేమో యని యింటిబాలిక బెదరినది. కథ ఇచ్చట ఆగవలెను. చూచు పిల్లలు కారణము నూహింపవలెను. పిదప, పురుగు గూడు కట్టుటకు ముందు నాలుగు మారులు చర్మము విడుచు ననియు, ఆ సమయమున మేత ముట్టదనియు, అప్పుడు ఆకు వేయక సున్నపుపొడి చల్లి తట్టను పొడిగా నుంచుటయే కర్తవ్యమనియు తెలిసినచో, బాలిక భయమును తీర్చినది శాస్త్రజ్ఞానమే యగును. అదే కథలో పాత్రలు పాడి యాడుచుండగా తెర క్రిందుగా నాలుగు వాక్యములు నడిపించినచో ఒక్కటియు మిగులదు.

ఆటలయందు ఈ సూత్రము మఱింత స్పష్టము. ఆట ప్రశ్నించును, ప్రత్యుత్తరమును బట్టి ముందుకు నడుపును, లేదా మరల అభ్యసింపజేయును. ఇట్టి క్రమమును కంప్యూటరుతో పనిలేకయే మదనపల్లె సమీపమున ఋషివ్యాలీ విద్యాసంస్థవారు తమ గ్రామీణ పాఠశాలలలో నడిపి చూపిరి. అచ్చట పాఠ్యము చిన్నచిన్న కార్డులుగా విభజింపబడినది. గోడమీది నిచ్చెనపటమునందలి గుర్తు చూచి బాలుడు తన కార్డును తానే తీసికొనును. పరిచయము, అభ్యాసము, పరీక్ష క్రమముగా జరుగును. తప్పినవానికి మరల నేర్పు కార్డు వేరుగా నుండును. ఒకడు వెనుకబడినందున మఱొకడు ఆగడు. ఈ పద్ధతి ప్రేరణతోనే 1995లో కర్ణాటకమునందు నలికలి అను బోధనాపద్ధతి ఆరంభమయ్యెను. తమిళనాడును పిదప ఇట్టి మార్గమునే త్రొక్కెను.

యంత్రములకు మనకు కొఱత లేదు. 2002లోనే కుప్పము, శాంతిపురము మొదలగు మండలములలో హెచ్‌పీ సంస్థయు ప్రభుత్వమును కలిసి కంప్యూటరు కేంద్రములు నెలకొల్పినవి. చిత్రకళకును కొఱత లేదు. 2008లో ప్రసారము మొదలైన ఛోటా భీమ్ బొమ్మల ధారావాహిక హైదరాబాదు సంస్థయగు గ్రీన్ గోల్డ్ నిర్మించినదే. కొఱతయంతయు, పాఠమును కథకు వెలుపల అంటింపక కథలోనే ముడివేయు రచయితలయందును, ప్రసారమునకు ముందు పిల్లల యెదుట పరీక్షించి చూచు ఓర్పునందును ఉన్నది. ధారావాహికలు నిర్మింపదలచినవారు తొలి భాగమును పల్లెబడికి గొనిపోయి, మొదట శాంతిపురము బాలురకును బాలికలకును చూపి, వారు చూపు మరల్చిన ప్రతి ఘట్టమును మరల వ్రాయుదురుగాక.