గగనమున ఐదువందలు, నేలపై ఏడువందలు

పటమును ముందు పఱచుకొని చూచినచో హైదరాబాదును విశాఖపట్టణమును ఇంచుమించు ఒకే అక్షాంశమున, పదునేడవ డిగ్రీకి రవంత యెగువగా, తూర్పుపడమరలై నిలిచియుండుట కానవచ్చును. నడుమ నున్న గగనదూరము సుమారు 500 కిలోమీటర్లు. అయినను నేలమీద పోవువాడెవ్వడును ఆ సరళరేఖను పట్టుకొని పోజాలడు. అది ఖమ్మము సీమను దాటి, గోదావరిని, మన్యపు టడవులను, తూర్పుకనుమలను మీఱిపోవు గీత. రైలుమార్గమైనను ప్రధాన రహదారియైనను ఆ కొండలకు జడిసి ఆగ్నేయముగా బెజవాడకు దిగి, అచ్చటినుండి కోస్తా వెంబడి ఈశాన్యమునకు మరలవలసినదే. త్రిభుజమున రెండు భుజముల మొత్తము మూడవదానికన్న అధికమని బడిలో వల్లించిన సూత్రమును ఇంత ఖరీదుగా అనుభవమునకు తెచ్చు ప్రయాణము మన సీమలో వేఱొకటి లేదేమో: రోడ్డున సుమారు 620, రైలున సుమారు 700 కిలోమీటర్లు!

1974లో పుట్టిన గోదావరి ఎక్స్‌ప్రెస్సు సాయంకాలము హైదరాబాదున ఎక్కినవానిని తెల్లవాఱుజామున విశాఖలో దింపును. 2023 జనవరిలో సికింద్రాబాదునుండి మొదలైన వందేభారత్ ఆ పయనమును ఎనిమిదిన్నర గంటలకు కుదించినది. విమానపు టికెట్టుపై మాత్రము గంటంబావు అని యుండును.

ఆ గంటంబావులో ఎగురుట యెంత? చక్రముల కడ్డముంచిన దిమ్మలను తొలగించి విమానము కదలిన క్షణమున ఆరంభమైన లెక్క, గమ్యమున మరల దిమ్మలు వేయునప్పుడుగాని ముగియదు. హైదరాబాదు విమానాశ్రయమున్న శంషాబాదున రన్‌వే వఱకు మెల్లగా ప్రాకుట, వంతుకై వేచియుండుట, విశాఖలో నౌకాదళముతో ఉమ్మడిగానున్న విమానాశ్రయమున సముద్రము వైపునుండి దిగవలసి వచ్చినపుడు ఊరు దాటిపోయి నీటిమీద చుట్టి వచ్చుట, ఇవన్నియు అందులోనివే. గాలిలో నుండు ముక్కాలుగంటకు ఇంచుక మించిన కాలములో ఎక్కుటకును దిగుటకును పోగా, సమముగా సాగునది అరగంటయైనను ఉండదు. కాఫీ కప్పు చేతి కందునంతలో బెల్టు బిగింపుడని దీపము వెలుగును. పైగా వాయువునకును ఇందులో పాలు కలదు. శీతకాలమున ఉన్నతాకాశమునందలి పడమటిగాలి విశాఖకు పోవువానిని వెనుకనుండి నెట్టును, మరలివచ్చువానికి ఎదురునిలుచును. వర్షాకాలమున తూర్పుగాలి ఆ పద్దును తలక్రిందులు చేయును. తేడా కొలది నిమిషములే.

ఇంత స్వల్పదూరమున విమానవేగము పెంచి సాధింపగల దేమియు లేదని నా తలంపు. కాలమును కబళించునది ఇల్లు విడచుటకును విమానము కదలుటకును నడిమి ఘట్టము. 2008 మార్చిలో నగరమధ్యమునందలి బేగంపేటనుండి విమానములు శంషాబాదునకు తరలినపుడు ఆకాశమున దూరము మాఱలేదు, సికింద్రాబాదువానికి ప్రయాణము పెరిగినది, అంతియే. ఆవలి కొసను విజయనగరము జిల్లా భోగాపురమున తలపెట్టిన క్రొత్త విమానాశ్రయము శ్రీకాకుళము వారికి దారి తగ్గించును; విశాఖలోని గాజువాకవాడు మాత్రము ఇప్పుడు ఇంటిముంగిట నున్న విమానమును అందుకొనుటకు నగరమంతయు దాటి పోవలసియుండును.