స్కానర్‌కు భయం, బ్యాటరీకి ధీమా

విదేశీ ప్రయాణానికి కెమెరా సర్దుకునేవాళ్లకు సలహాలకు కొదవుండదు. బట్టల మధ్య చుట్టి సూట్‌కేసులో పెట్టమనేది ఒకరు, ఎక్స్‌రే మిషన్లో మాత్రం పెట్టొద్దనేది ఇంకొకరు. వీటిలో చాలావరకు ఫిల్ము రోళ్ల కాలం నాటి మాటలే. జనం భయపడేది ఒకదానికి, నష్టపోయేది మరొకదానివల్ల.

ఎక్స్‌రే సంగతే చూడండి. స్కానర్లో పెడితే కార్డులోని ఫొటోలు చెరిగిపోతాయన్నది అపోహ. డిజిటల్ కెమెరాకు గానీ, మెమరీ కార్డుకు గానీ దానివల్ల హాని లేదు. ఫిల్ముకు మాత్రం ఉంది. పెద్ద లగేజీని తనిఖీ చేసే స్కానర్లు డెవలప్ చేయని ఫిల్మును పాడుచేస్తాయి. చేతి బ్యాగుల కోసం కొత్తగా వస్తున్న సీటీ స్కానర్లలోనూ పెట్టొద్దని కొడాక్ సంస్థే హెచ్చరించింది. రోళ్లను విడిగా కవర్లో పెట్టుకుని, చేత్తో తనిఖీ చేయమని అడగడమే మార్గం.

"చిన్న బ్యాటరీలే కదా, సూట్‌కేసులో పడేద్దాం" అనుకోవడం అసలు ప్రమాదం. విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ లగేజీలో నిషిద్ధం. 2010 సెప్టెంబరు 3న దుబాయ్ నుంచి బయలుదేరిన యూపీఎస్ సరుకు రవాణా విమానంలో లిథియం బ్యాటరీలున్న సరుకు అంటుకుంది. ఎదురుగా ఉన్న మీటర్లు కూడా కనిపించనంతగా పొగ కమ్మేసింది. విమానం కూలి పైలట్లు ఇద్దరూ చనిపోయారు. అదే క్యాబిన్లో పొగ వస్తే సిబ్బంది కంటపడుతుంది, నీళ్లు పోసి చల్లార్చే వీలుంటుంది. అందుకే బ్యాటరీలు ప్రయాణికుడి దగ్గరే ఉండాలంటారు. 100 వాట్-అవర్ల దాకా మామూలుగా ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. 100 నుంచి 160 వరకైతే విమాన సంస్థ ఒప్పుకోవాలి, అవీ రెండే. ఆపైన వీల్లేదు. ఇంత లెక్క చూసి కంగారుపడక్కర్లేదు, సోనీ ఎన్‌పీ-ఎఫ్‌జెడ్100 బ్యాటరీ మీద రాసి ఉండేది 16.4 మాత్రమే. కొసలు ఒకదానికొకటి తగలకుండా మూత పెట్టడమో, విడి కవర్లో వేయడమో చేస్తే చాలు.

చేతి బ్యాగు చివరిదాకా చేతిలోనే ఉంటుందన్న నమ్మకమూ పనికిరాదు. పైన అరలు నిండిపోతే గేటు దగ్గరే తీసుకుని కిందికి పంపేస్తారు. అప్పుడు బ్యాటరీలు బయటికి తీయాల్సిందే. 2017 మార్చిలో అమెరికా దుబాయ్, అబుధాబి, దోహా వంటి చోట్ల నుంచి వచ్చే విమానాల్లో ఫోన్ కంటే పెద్ద ఎలక్ట్రానిక్ వస్తువులను క్యాబిన్లోకి రానివ్వలేదు. ఆ దారిన అమెరికా వెళ్లే తెలుగువాళ్లెందరో! కెమెరాలూ సూట్‌కేసుల్లోకే వెళ్లాయి. కొన్ని నెలల తర్వాత గానీ ఆ ఆంక్షలు పోలేదు.

సూట్‌కేసుకు టీఎస్‌ఏ తాళం, అంటే అమెరికా విమానాశ్రయ తనిఖీ సిబ్బంది మాస్టర్ తాళంచెవితో తెరవగలిగేది, వేశాంగా అంటారా? దాని మాస్టర్ తాళంచెవుల ఫొటో 2014లో ఒక అమెరికా పత్రికలో అచ్చయింది. మరుసటి ఏడాదికల్లా త్రీడీ ప్రింటర్లో నకళ్లు తయారయ్యాయి. ఒక్క ఫొటో చేసిన పని అది. పోతే విమాన సంస్థే ఇస్తుందనుకోవడమూ తప్పే. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం సాధారణంగా ఒక ప్రయాణికుడి సామానంతటికీ కలిపి పరిహారం గరిష్ఠంగా 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ లెక్కల్లో వాడే ద్రవ్య ప్రమాణం), సుమారు రెండు వేల డాలర్లు. ఒక మంచి లెన్సుకే అది చాలకపోవచ్చు.

కస్టమ్స్ విషయంలో మనవాళ్ల ధీమా మరీ ఎక్కువ. "నా కెమెరా నేను తెచ్చుకుంటే సుంకమేమిటి?" నిజమే, కానీ అది నీదేనని చూపేదెలా? శంషాబాద్‌లో విమానం ఎక్కేముందే కస్టమ్స్ వాళ్లకు కెమెరానూ సీరియల్ నంబరునూ చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకుంటే తిరిగొచ్చేటప్పుడు వాదన ఉండదు. పెళ్లి ఫొటోల కోసం మూడు కెమెరా బాడీలు, లైట్లతో డల్లాస్ వెళ్లే బృందాన్ని టూరిస్టులని ఎవరూ నమ్మరు. పనికోసం తీసుకెళ్లి వెనక్కి తెచ్చే సరంజామాకు ఏటీఏ కార్నే అనే పత్రం ఉంది. మన దేశంలో ఫిక్కీ ఇస్తుంది, ఏడాది దాకా చెల్లుతుంది. అది సామానుకే, మనిషికి వీసా వేరు. పర్యాటక వీసా మీద డబ్బు తీసుకుని పనిచేస్తే ఏ కార్నే కాపాడదు.

డ్రోన్‌ను ఇంకో కెమెరా అనుకుని బ్యాగులో వేయడం అంతకంటే చేటు. మొరాకో, ఈజిప్టుల్లో అనుమతి లేకుండా దిగితే విమానాశ్రయంలోనే లాక్కుంటారు. అంతదూరం ఎందుకు, 2022 ఫిబ్రవరి 9 నుంచి మన దేశంలోకే విదేశీ డ్రోన్ల దిగుమతి నిషిద్ధం. పరిశోధన, రక్షణ, భద్రతా అవసరాలకే మినహాయింపు. అమెరికా నుంచి తమ్ముడికి కానుకగా తెచ్చే అన్నయ్యకు ఈ సంగతి ముందే ఎవరైనా చెప్పాలి.

చలి కెమెరాను చంపేస్తుందన్న మాట ఐస్‌లాండ్, నార్వే వెళ్లేవాళ్లు తరచూ వింటారు. చలికి బ్యాటరీ త్వరగా నీరసిస్తుంది, అంతే. ఇబ్బందంతా వెచ్చని గదిలోకి వచ్చాకే. చల్లబడిన లోహం మీద, గాజు మీద తేమ నీటి బొట్లుగా చేరుతుంది. బయట ఉండగానే కెమెరాను గాలి చొరని కవర్లో మూసేసి, గది వేడికి వచ్చేదాకా తెరవకూడదు. తీసిన ఫొటోలు వెంటనే చూడాలనిపించేవాళ్లు కార్డును ముందే బయటికి తీసి జేబులో వేసుకోవాలి.