మూడు తలుపుల గుమ్మం

మన బిల్డర్లూ, ఇంటీరియర్ పని చేసేవాళ్లూ చైనాలోని ఫోషాన్ వెళ్లేది టైల్స్ కోసం, ఫర్నిచర్ కోసం. విజయవాడ నుంచి నేనూ అందుకే వెళ్తుంటాను. పాలరాయి చారలు అచ్చుగుద్దినట్టున్న నిలువెత్తు పలకల్ని షోరూముల్లో ఒకటి తర్వాత ఒకటి చూపిస్తూనే ఉంటారు. ఒక పూటకే కళ్లు అలిసిపోతాయి. అప్పుడు మెట్రో ఎక్కి పక్కనున్న గ్వాంగ్‌జౌ చేరతాను. అక్కడ షీగ్వాన్ పేటలో నాకు కొనాల్సిందేమీ లేదు. చూడాల్సింది మాత్రం ఎంతకీ తరగదు.

పాత కోట పడమటి ద్వారం బయట వర్తకులు కట్టుకున్న పేట అది. 1757 నుంచి 1842 దాకా ఐరోపా ఓడలు చైనాతో చేసిన వ్యాపారం దాదాపు అంతా గ్వాంగ్‌జౌ రేవులోనే సాగింది. ఆ డబ్బు ఈ ఇళ్లలో కనిపిస్తుంది, కానీ అరిచి చెప్పదు. కింద గ్రానైటు పలకలు, పైన నున్నగా సానబట్టిన బూడిదరంగు ఇటుకలు, మధ్యలో గుమ్మం, అంతే.

ఆ గుమ్మానికి మూడు తలుపులు. వీధి వైపున్నది పొట్టిది, మడత రెక్కలది. దారినపోయేవాళ్ల చూపు లోపలికి పోకుండా ఆపడమే దాని పని. దాని వెనక ‘తాంగ్‌లోంగ్’. చట్రంలో లావుపాటి గుండ్రటి కర్రలు నిచ్చెన మెట్లలా అడ్డంగా బిగించి ఉంటాయి. ఇది పక్కకి జరుగుతుంది. ఆ వెనక దళసరి చెక్కతో అసలు తలుపు. పగలంతా అసలు తలుపు తీసి ఉంచి, తాంగ్‌లోంగ్ మూసి ఉంచుతారు. గాలి వస్తుంది, దొంగ రాడు. కర్రల సంఖ్య బేసిగానే ఉండాలి. పదమూడో, పదిహేనో, పదిహేడో. సరిసంఖ్య అచ్చిరాదట.

నేను కర్రలు లెక్కపెడుతుంటే ఒక పెద్దావిడ లోపల్నుంచి చూసి నవ్వింది. ఒకసారి జరిపి చూపిస్తారా అని ఫోన్‌లో అనువాదం చేసి అడిగాను. ఒంటిచేత్తో లాగేసింది. అంత బరువూ అడుగునున్న చిన్న చక్రాల మీద నడుస్తోంది. చెయ్యి అందే ఎత్తులోని రెండు కర్రలు మాత్రం మిగతావాటికన్నా నున్నగా మెరుస్తున్నాయి. కొత్తగా చేయించే తలుపుకి ఏ పాలిష్‌తోనూ ఆ మెరుపు తేలేను.

ఇంతకీ ఇన్ని తలుపులెందుకు? ఇక్కడి సామాన్యుల ఇళ్లు ముందువైపు సన్నం, లోపలికి బాగా లోతు. ‘వెదురు గొట్టం ఇల్లు’ అని అక్కడివాళ్లే అంటారు. రెండు పక్కలా పొరుగిళ్ల గోడలే, కిటికీ పెట్టే దారి లేదు. నడుమ మన మండువాలాగే ఆకాశం కనిపించే చోటు ఒకటి వదిలారు. అక్కడ వేడెక్కిన గాలి పైకి పోతుంటే, వీధి గాలి తాంగ్‌లోంగ్ సందుల్లోంచి లోపలికి వస్తుంది. డబ్బున్నవాళ్ల పెద్ద ఇళ్లకి పక్కగా సన్నటి సందు కూడా ఉంటుంది. ఎత్తయిన గోడల మధ్య ఎండ పడదు కాబట్టి దాన్ని ‘చల్ల సందు’ అంటారు. పేరుకి తగ్గట్టే ఉంది.

రంగు అద్దాల కిటికీలూ, వానలో తడవకుండా నడిచేందుకు కొట్ల ముందు పై అంతస్తుని ముందుకు చాచిన వీధులూ అందరూ ఫొటోలు తీసేవే. వాటిని వదిలేస్తున్నాను. చెన్ వంశస్థుల మందిరం సంగతి మాత్రం చెప్పాలి. ఆ ఇంటిపేరు వాళ్లు ఊరూరా చందాలు వేసుకుని 1888లో మొదలుపెట్టి 1894లో పూర్తిచేశారు. అక్కడ తల ఎత్తి చూడాలి. నడి హాలు కొప్పు మీద 27 మీటర్ల పొడవున మట్టి బొమ్మల వరస ఉంది, అందులో 224 మంది మనుషులు. అన్నీ షీవాన్ బట్టీల్లో కాల్చినవి. షీవాన్ ఉన్నది ఫోషాన్‌లోనే, నేను టైల్స్ కొనే ఊళ్లోనే.

వాటి కిందున్న రంగుల బొమ్మలు బట్టీ మొహం చూసినవి కావు. సున్నంలో గడ్డీ, కాగితం గుజ్జూ కలిపి మగ్గబెట్టి, ఎర్ర చక్కెరా, జిగురు బియ్యప్పిండీ చేర్చి, పనివాళ్లు కప్పు మీదే కూర్చుని చేత్తో మలిచినవి. మన పాత మేడల సున్నంలోనూ బెల్లం నీళ్లూ కరక్కాయా పడేవి కదా! అక్కడ ఆ పని తెలిసిన చేతులు ఇంకా ఉన్నాయి. మన దగ్గర వెతుక్కోవాలి.

ఇప్పటి గ్వాంగ్‌జౌ పాత ఫ్లాట్లలో కర్ర బదులు ఇనుము వచ్చింది. చెక్క తలుపు ముందు పక్కకి లాగే ఇనుప జాలీ. వరస అదే, పని అదే. అందం పోయిందని నేను బాధపడను. నాకు చిరాకు తెప్పించేది మన పద్ధతి. చైనా కిటికీ నమూనాని మిషన్‌తో ఎండీఎఫ్ చెక్కలో కోయించి, వెనక గోడ ఉన్నచోట అతికించి, దానికి లైట్లు పెడతాం. కిటికీ వెనక గోడ!

ఈమధ్య ఒక క్లయింటుకి మెయిన్ డోర్ ముందు అడ్డకర్రల తలుపు పెడదామన్నాను. “దుమ్మెవరు తుడుస్తారమ్మా?” అన్నారాయన. న్యాయమైన ప్రశ్నే. దోమల సంగతీ ఉంది. చివరికి టేకుతో పదమూడు కర్రలు వేయించి, వెనక జారే దోమతెర పెట్టించాం. సాయంత్రాలు అసలు తలుపు తీసే ఉంచుతున్నారట. ఏసీ మాత్రం మానలేదు.