గాల్లో ‘చిలక’ పలకాలి!

చూడ్డానికి కారు స్టీరియో అంత పెట్టె. నాలుగంకెలు, రెండు మూడు మీటలు... అంతే! కానీ చిన్న విమానంలో అది మూగబోతే పెద్ద విమానానికీ ముప్పే. దానిపేరు ట్రాన్స్‌పాండర్. దాన్ని ఎలా బిగిస్తారు? ఎలా సెట్ చేస్తారు? అసలు అదేం చేస్తుంది?

1986 ఆగస్టు 31. ఆదివారం. అమెరికాలో లాస్ ఏంజెలిస్ పక్కనున్న సెరిటోస్ పట్టణం. మధ్యాహ్నం పన్నెండు కావస్తోంది. సెలవురోజు కదా, చాలామంది ఇళ్లపట్టునే ఉన్నారు. ఉన్నట్టుండి ఓ జెట్ విమానం ఇళ్లమీద కుప్పకూలింది. అది మెక్సికో నుంచి వస్తున్న ఏరోమెక్సికో డీసీ-9. అందులోని 64 మందీ చనిపోయారు. నేలమీద మరో 15 మంది బలయ్యారు. ఇంతకీ దాన్ని ఢీకొట్టిందేమిటో తెలుసా? ఓ కుటుంబం సరదాగా ప్రయాణిస్తున్న బుల్లి పైపర్ విమానం! అందులోని ముగ్గురితో కలిపి మొత్తం 82 ప్రాణాలు గాల్లో కలిసిపోయాయి.

పైపర్ విమానం అనుమతి లేకుండా పెద్ద విమానాల దారిలోకి వచ్చింది. కంట్రోలర్ దాన్ని గమనించలేదు. ఆ విమానంలో ట్రాన్స్‌పాండర్ లేదా అంటే... ఉంది! కానీ తానెంత ఎత్తులో ఉన్నదీ చెప్పే రకం కాదది. ఆ చిన్న లోపం ఎంత పెద్దదో ఆ రోజు ప్రపంచానికి తెలిసొచ్చింది.

‘ఎవరదీ?’ ‘నేనే!’

చీకట్లో పొలం గట్టుమీద ఎవరో వస్తున్నారనుకోండి. టార్చిలైటు వేస్తే ఓ ఆకారం కనిపిస్తుంది. మనిషెవరో తెలియదు. అదే ‘ఎవరదీ?’ అని కేకేస్తే ‘నేనే... ఫలానా’ అని జవాబొస్తుంది. మామూలు రాడార్ టార్చిలైటులాంటిది. దాని తెరమీద విమానం ఓ చుక్క మాత్రమే. సెకండరీ రాడార్ కేకేసి అడిగే మనిషిలాంటిది. అది 1030 మెగాహెర్ట్జ్ మీద ప్రశ్న వేస్తుంది. విమానంలోని ట్రాన్స్‌పాండర్ 1090 మెగాహెర్ట్జ్ మీద జవాబు చెబుతుంది. అప్పుడు చుక్క పక్కనే దాని గుర్తు, ఎత్తు ప్రత్యక్షమవుతాయి.

ఇది రెండో ప్రపంచయుద్ధం నాటి ఆలోచన. వచ్చే విమానం మనదా, శత్రువుదా తెలుసుకోవడానికి కనిపెట్టారు. అప్పట్లో దీని రహస్యనామం ‘ప్యారట్’... అంటే చిలక! నేటికీ కంట్రోలర్ పైలట్‌కు కోడ్ ఇచ్చేటప్పుడు ‘స్క్వాక్’ అంటాడు. అంటే ‘చిలకలా అరువు’ అన్నమాట.

పొట్టకింద వేలంత యాంటెన్నా

హైదరాబాద్ బేగంపేటలో పైలట్ శిక్షణ తీసుకున్న కుర్రాళ్లకు సెస్నా బాగా పరిచయం. అలాంటి చిన్న విమానంలో ట్రాన్స్‌పాండర్ పెట్టాలంటే ముందు ప్యానెల్‌లో ఓ ట్రే బిగిస్తారు. పెట్టె అందులోకి జారి కూర్చుంటుంది. దానికి ప్రత్యేకంగా సర్క్యూట్ బ్రేకర్, విద్యుత్తు తీగలు ఇస్తారు. ఇదంతా లైసెన్సున్న టెక్నీషియన్ చేయాల్సిన పని. సొంత వైద్యం పనికిరాదు.

అసలు కిటుకంతా యాంటెన్నాలో ఉంది. అది సుమారు ఏడు సెంటీమీటర్లు... మన చూపుడువేలంత. రాడార్ ఉండేది నేలమీద కాబట్టి యాంటెన్నాను విమానం పొట్టకింద పెడతారు. చక్రాల కాళ్లు అడ్డురాకూడదు. దూరాన్ని కొలిచే డీఎంఈ యాంటెన్నాకు ఎడంగా ఉండాలి. విమానం లోహపు తొడుగు కూడా యాంటెన్నాలో భాగంగానే పనిచేస్తుంది. అందుకే గుడ్డతోనో ఫైబర్‌తోనో చేసిన విమానమైతే లోపలివైపు ఓ లోహపు రేకు అమర్చాల్సిందే. పెట్టె నుంచి యాంటెన్నాకు వెళ్లే కేబుల్ పొట్టిగా ఉండాలి. మెలికలు తిరిగినా, కనెక్టర్ సరిగా బిగియకపోయినా జవాబు బలం దారిలోనే ఆవిరైపోతుంది. ఇంజిన్ నుంచి కారే నూనె, దుమ్ము యాంటెన్నా చుట్టూ పేరుకున్నా ఇబ్బందే. ఓ గుడ్డపేలికతో తుడిస్తే తీరిపోయే సమస్యకు వేలు ఖర్చుపెట్టేవాళ్లూ ఉంటారు!

ఎత్తు చెప్పేదెవరు?

ట్రాన్స్‌పాండర్‌కు తనంతట తానుగా ఎత్తు తెలియదు. ‘ఎన్‌కోడర్’ అనే మరో చిన్న పరికరం చెప్పాలి. బయటి గాలి పీడనాన్ని లోపలికి తెచ్చే సన్నటి గొట్టానికి దాన్ని కలుపుతారు. ఇక్కడో తమాషా ఉంది. పైలట్ తన ఎత్తుమీటరును ఆ రోజు వాతావరణాన్నిబట్టి తిప్పుకుంటాడు. కానీ ఎన్‌కోడర్ ఎప్పుడూ 1013.25 హెక్టోపాస్కల్స్ లెక్కనే పంపుతుంది. అన్ని విమానాలకూ ఒకే కొలబద్ద ఉండాలి కదా! స్థానిక సవరణ సంగతి నేలమీది కంప్యూటర్ చూసుకుంటుంది.

గొట్టాన్ని ఓసారి విప్పారంటే గాలి లీకవుతోందేమో కచ్చితంగా పరీక్షించాలి. ఆ చిన్న లీకు ఎత్తుమీటరునూ వేగం మీటరునూ కూడా తప్పుదారి పట్టించగలదు.

పుట్టుమచ్చలాంటి నంబరు

కోడ్ మాత్రమే చెప్పేది మోడ్-ఎ. ఎత్తు కూడా చెబితే మోడ్-సి. మోడ్-ఎస్ మరో అడుగు ముందుకేస్తుంది. ప్రతి విమానానికీ ప్రపంచంలో మరెవరికీ లేని నంబరు ఒకటుంటుంది. మన దేశానికి కేటాయించిన నంబర్లు 2,62,144. పెట్టె బిగించాక టెక్నీషియన్ ఆ విమానం నంబరును జాగ్రత్తగా ఎక్కించాలి. ఒక్క అక్షరం తప్పినా రాడార్ ముందు మరో విమానం పేరు చెప్పుకున్నట్టే. పాత విమానం నుంచి తీసిన పెట్టెను నంబరు మార్చకుండా పెడితేనూ అదే గందరగోళం. నంబరుతోపాటు విమానం రిజిస్ట్రేషన్ పేరు, వేగం స్థాయి లాంటివీ నమోదు చేస్తారు.

చివరగా పరీక్ష. రాడార్‌లా ప్రశ్నలు వేసే ఓ యంత్రాన్ని విమానం దగ్గర పెట్టి జవాబులు సరిచూస్తారు. ఫ్రీక్వెన్సీ, బలం, కోడ్, ఎత్తు... అన్నీ. అమెరికా నిబంధనల ప్రకారం ఎన్‌కోడర్ పంపే ఎత్తుకూ, మీటరు చూపే ఎత్తుకూ తేడా 125 అడుగులు దాటకూడదు. 24 నెలలకోసారి ట్రాన్స్‌పాండర్‌ను పరీక్షించాల్సిందే.

ఆ మూడు అంకెలతో ఆటలొద్దు!

కోడ్‌లో సున్నా నుంచి ఏడు వరకే అంకెలుంటాయి. అలా వచ్చే కోడ్‌లు మొత్తం 4096. వాటిలో మూడు మాత్రం ప్రత్యేకం.

7500: విమానం హైజాక్ అయింది!
7600: రేడియో పనిచేయడంలేదు.
7700: ప్రమాదంలో ఉన్నాం, కాపాడండి!

నోరు విప్పకుండానే నేలకు కబురు పంపే ఉపాయమిది. అందుకే అంకెలు మార్చేటప్పుడు పొరపాటున కూడా వీటిమీదుగా వెళ్లొద్దని శిక్షణలోనే చెబుతారు.

ఉంటే చాలదు... పలకాలి

సెరిటోస్ ఘోరం తర్వాత అమెరికాలో పెద్ద విమానాశ్రయాల చుట్టూ 30 నాటికల్ మైళ్ల దూరంలో తిరిగే విమానాలకు ఎత్తు చెప్పే ట్రాన్స్‌పాండర్ తప్పనిసరి చేశారు. పెద్ద విమానాల్లోకి టీక్యాస్ అనే రక్షణ వ్యవస్థ వచ్చింది. ఎదురుగా వచ్చే విమానం ట్రాన్స్‌పాండర్‌ను అదే ప్రశ్నించి ‘పైకెళ్లు, కిందికి దిగు’ అని పైలట్‌ను హెచ్చరిస్తుంది. అవతలి విమానం ఎత్తు చెబితేనే సుమా!

మనకూ ఓ చేదు అనుభవం ఉంది. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ, కజకిస్థాన్ విమానాలు ఢీకొని 349 మంది చనిపోయారు. కజక్ విమానం తనకు చెప్పిన ఎత్తుకంటే కిందికి దిగింది. అప్పటి ఢిల్లీ రాడార్‌కు విమానాల ఎత్తు కనిపించేది కాదు. ఆ తర్వాతే మన దేశంలోనూ ఢీకొనకుండా కాపాడే వ్యవస్థను తప్పనిసరి చేశారు.

2006 సెప్టెంబరు 29న బ్రెజిల్‌లో జరిగింది మరీ విషాదం. ఓ చిన్న బిజినెస్ జెట్‌లో ట్రాన్స్‌పాండర్ ఆగిపోయింది. పైలట్లు గమనించలేదు. ఎదురొచ్చిన గోల్ సంస్థ బోయింగ్‌ను ఢీకొట్టింది. బోయింగ్‌లోని 154 మందీ మరణించారు. చిన్న జెట్ మాత్రం ఎలాగో క్షేమంగా దిగింది.

ఇప్పుడు చిలక అడక్కుండానే పలుకుతోంది. ఏడీఎస్-బి విధానంలో విమానం తానెక్కడుందో ఉపగ్రహాల సాయంతో తెలుసుకుని దాదాపు సెకనుకోసారి ప్రకటిస్తుంది. అమెరికాలో రద్దీ ఉన్న గగనతలంలో 2020 జనవరి 1 నుంచి ఇది తప్పనిసరి. డాలస్ నుంచి బయల్దేరిన అబ్బాయి విమానం ఎక్కడిదాకా వచ్చిందో అమ్మానాన్నలు ఇంట్లో కూర్చుని ఫోన్లో చూసుకుంటున్నారంటే అది ఆ పలుకు చలవే.

ఈసారి ఆ బొమ్మ తెరమీద మెల్లగా కదులుతుంటే గుర్తుచేసుకోండి... ఎక్కడో ఆ విమానం పొట్టకింద చూపుడువేలంత యాంటెన్నా ఒకటి ‘నేనిక్కడే ఉన్నా’ అంటూ క్షేమ సమాచారం చెబుతూనే ఉంది!