రాయి ఏమని పలికింది?

సంతలో కుండ కొనే ఇల్లాలు దానిని వేలితో తట్టి చూడనిదే పైకం చెల్లించదు. ఖంగుమంటే గట్టి కుండ; మొద్దుగా పలికితే బీట ఉన్నట్లే. మూలపడిన పాత బెంచి గ్రైండరుకు తిరిగి ప్రాణం పోయదలచిన వారికీ ఆ పరీక్షే శరణ్యం.

తుప్పు గీకి రంగు వేయడం సులభమే. పొడిపొడిగా రాలే తీగల తొడుగును, అరిగిన బేరింగులను మార్చి, ఎర్త్ తీగ కలిపితే మోటారు మళ్ళీ తిరుగుతుంది. విప్పేటప్పుడు ఒక మెలకువ అవసరం: ఎదుట నిలిచినవారికి ఎడమవైపున ఉండే నట్టు మర సాధారణంగా తిరగబడి ఉంటుంది, కుడివైపుకు తిప్పితేనే అది వదులవుతుంది.

అసలు ప్రమాదం రాతిలో ఉంది. అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ 1891లో బంకమన్నును, బొగ్గుపొడిని విద్యుత్తుతో కాచి కార్బొరండం సృష్టించాడు. అటువంటి గరుకు రేణువులను మట్టితో కలిపి, కుండను కాల్చినట్లే కాల్చి సానరాళ్ళు తయారుచేస్తారు. కుండకు వలెనే వీటికీ కంటికి కనపడని బీట పడవచ్చు. నిమిషానికి 2,800 చుట్లు తిరిగే 150 మిల్లీమీటర్ల రాతి అంచు గంటకు సుమారు 80 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది. ఆ వేగంలో రాయి పగిలితే ముక్కలు మనిషి మీదికే దూసుకువస్తాయి.

కనుక రాయిని ఊడదీసి, తుడిచి, నడిమి రంధ్రంలో వేలు దూర్చి వేలాడదీసి, స్క్రూడ్రైవరు చెక్కపిడితో మెల్లగా తట్టాలి. ఖంగుమంటే, దానిపై ముద్రించిన వేగం మోటారు వేగానికి తక్కువ కాకుంటే, బిగించవచ్చు. కవచం అమర్చి, కళ్ళద్దాలు ధరించి, మొదటి నిమిషం పక్కకు తొలగి నిలబడాలి.

మొద్దుగా పలికిన రాయిని మరొకరు వాడకుండా పగులగొట్టి పారవేయవలసిందే. బీటవారిన కుండతో పోయేది నీరు మాత్రమే.