ఊపిరి మోసే ఉక్కు

2021 ఏప్రిల్ నెలాఖరున రాయగఢ్ నుంచి ఒక గూడ్సు బండి ఢిల్లీకి బయలుదేరింది. దానిమీద ఉన్నవి నాలుగే టాంకర్లు. వాటిలో సుమారు 70 టన్నుల ద్రవ ప్రాణవాయువు. 27వ తేదీ తెల్లవారక ముందే ఆ బండి రాజధాని చేరింది. ఢిల్లీకి వచ్చిన మొదటి 'ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్' అదే. రాయగఢ్ బిలాస్‌పూర్ రైల్వే డివిజనుకు చెందిన స్టేషను. బొగ్గు, ఇనుము, సిమెంటు మోయటమే నిత్యకృత్యమైన ఈ డివిజను ఆ వేసవిలో గాలిని కూడా మోసింది.

అయితే ఇందులో ఒక విచిత్రం ఉంది. ఛత్తీస్‌గఢ్ ప్రాణవాయువు తయారు కాని రాష్ట్రం కాదు. ఉక్కు పుట్టే చోటనే ప్రాణవాయువు కూడా పుడుతుంది. కరిగిన ఇనుములోకి దాన్ని ఊది మలినాలను కాల్చివేయాలి కనుక, ప్రతి పెద్ద ఉక్కు కర్మాగారం ప్రక్కన గాలిని చల్లబరచి విడగొట్టే యంత్రశాల ఒకటి ఉంటుంది. భిలాయి ఉంది, రాయగఢ్ ఉంది. అయినా 2021లో బిలాస్‌పూర్ వంటి పట్టణాలలో బంధువులు వెతికినది వాయువు కోసమే కాదు, దాన్ని పట్టే పాత్ర కోసం. ద్రవరూపంలో దాచే పెద్ద టాంకు ఉన్న ఆసుపత్రికే టాంకరు వస్తుంది. టాంకు లేని ఆసుపత్రికి, ఇంట్లో మంచం పట్టిన మనిషికి, అంబులెన్సుకు దిక్కు ఒకటే: అతుకు లేని ఉక్కు సిలిండరు.

అర్పా నది ఒడ్డున ఉన్న బిలాస్‌పూర్‌కు బిలాసా అనే కేవట స్త్రీ పేరు వచ్చిందని జనశ్రుతి. వర్తమానంలో దాని పేరు రైలుతోనూ బొగ్గుతోనూ ముడిపడింది. బెంగాల్ నాగపూర్ రైల్వే వేసిన హౌరా–బొంబాయి దారిలో అది కూడలి అయింది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం అయింది. 1985లో ఏర్పడిన సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ సంస్థ ప్రధాన కార్యాలయం కూడా ఇక్కడే. రైలు కొలువు పట్టుకుని ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ రైల్వే కాలనీలకు క్రొత్త కాదు. 1931లో రాయ్‌పూర్–విజయనగరం మార్గం పూర్తి అయిన తరువాత ఆ రాకపోకలు మరింత సులువయ్యాయి.

ఇటువంటి ఊళ్ళో గ్యాసు సిలిండరు ఎరుగని వారుండరు. లోకో షెడ్డులో ఇనుము కోసేవాడికి అది నిత్యం చేతిలో ఉండే పనిముట్టు. నల్లని ఒళ్ళు అయితే పరిశ్రమకు వాడే ఆక్సిజను. నల్లని ఒంటిపై తెల్లని భుజాలు ఉంటే వైద్యానికి వాడేది. ముదురు ఎరుపు రంగుది ఎసిటిలీను. భుజం ఎత్తు సిలిండరును కొంచెం వంచి, అడుగు అంచుమీద గిరగిర త్రిప్పుకుంటూ ప్లాట్‌ఫారం పొడవునా ఒక్కడే తీసుకుపోయే పనివాణ్ణి చూస్తే దాని బరువు తెలియదు. ఆసుపత్రులు 'జంబో' అని పిలిచే ఆ పెద్ద సిలిండరులో పట్టే నీరు 46.7 లీటర్లు. అందులో చదరపు సెంటీమీటరుకు 150 కిలోల ఒత్తిడితో ఏడు ఘనపు మీటర్ల ప్రాణవాయువు కుక్కుతారు. అంటే లోపల బొటనవేలి గోరంత చోటుమీద ఒకటిన్నర క్వింటాళ్ళ బియ్యపు బరువు ఎల్లవేళలా ఆని ఉంటుందన్న మాట. ఏడు ఘనపు మీటర్ల ప్రాణవాయువు తూకానికి పది కిలోలు కూడా రాదు. దాన్ని మోసే ఉక్కు మాత్రం యాభై అయిదు, అరవై కిలోలు. కొబ్బరికాయలో నీళ్ళకంటె పీచు, చిప్పల బరువే ఎక్కువ అయినట్లు.

ధరలోనూ ఇదే తారతమ్యం. 2020 సెప్టెంబరులో జాతీయ ఔషధ ధరల ప్రాధికార సంస్థ సిలిండరులో నింపిన వైద్య ప్రాణవాయువుకు ఘనపు మీటరుకు 25 రూపాయల 71 పైసలు గరిష్ఠ ధరగా నిర్ణయించింది. పన్ను, రవాణా ఖర్చు వేరు. అంతకు ముందు అది 17 రూపాయల 49 పైసలు. ఆ లెక్కన పెద్ద సిలిండరులో ఉన్న వాయువు విలువ సుమారు 180 రూపాయలు. సిలిండరు ఖరీదు మాత్రం వేల రూపాయలు. ప్రభుత్వం వాయువు ధరకు కళ్ళెం వేసింది గాని ఖాళీ సిలిండరు ధరకు ఆ ఉత్తర్వు వర్తించలేదు. మరుసటి వేసవిలో బ్లాకులో ధరలు మిన్నంటినప్పుడు జనం చెల్లించింది చాలా వరకు గాలికి కాదు, ఇనుముకు.

ఇనుము కొరత లేని దేశంలో ఈ ఇనుప పాత్రకు కొరత ఎందుకు వచ్చింది? దీనికి జవాబు దాని తయారీలో ఉంది. మామూలు రేకును చుట్టి అతుకు వేస్తే ఇంత ఒత్తిడికి నమ్మటానికి లేదు. అందుకని అతుకు లేని గొట్టాన్ని తీసుకుని, దాని కొనను ఎర్రగా కాల్చి, గిరగిర త్రిప్పుతూ కుమ్మరి కుండ మూతిని దగ్గరకు తెచ్చినట్లు మూస్తారు. ఒక కొన అడుగు అవుతుంది, రెండవది మెడ. తరువాత కాచి చల్లార్చి ఉక్కుకు గట్టిదనం, సాగుదల రెండూ వచ్చేటట్లు చేస్తారు. మెడలో మర త్రొలిచి, నీళ్ళు నింపి, పని ఒత్తిడి 150 అయితే 250 వరకు ఎక్కించి పరీక్షిస్తారు. నెగ్గిన వాటి భుజంమీద తయారీదారు గుర్తు, వరుస సంఖ్య, ఖాళీ బరువు, నీటి కొలత, పరీక్షించిన నెల, సంవత్సరం గుద్దుతారు. ఆ అంకెలు లేని సిలిండరులో వాయువు నింపటం నేరం.

ఈ విద్య ఒక్కరోజులో పుట్టలేదు. దానిలో రైలు పాత్ర కూడా కొంత ఉంది. ఇంగ్లండు, వేల్సుల మధ్య సెవర్న్ నది క్రింద రైలు సొరంగం త్రవ్వుతుండగా నీరు ముంచెత్తింది. లోపల చాలా దూరాన తెరిచి ఉండిపోయిన ఇనుప తలుపును ఎవరైనా వెళ్ళి మూయాలి. పైనుంచి గాలి పంపే గొట్టాన్ని అంత దూరం ఈడ్చుకుపోవటం ఎవరి తరమూ కాలేదు. 1880లో అలెగ్జాండర్ లాంబర్ట్ అనే గజ ఈతగాడు హెన్రీ ఫ్లూస్ కనిపెట్టిన పరికరం తగిలించుకుని, తన ప్రాణవాయువును తానే మోసుకుంటూ చీకటి నీటిలో నడిచి వెళ్ళి ఆ పని సాధించాడు. కొద్ది ఏళ్ళకే జర్మనీలో మానెస్మాన్ సోదరులు నిండు ఉక్కు కడ్డీ నుంచి అతుకు లేని గొట్టం తీసే పద్ధతి కనుగొన్నారు. అధిక ఒత్తిడికి తాళే ఉక్కు పాత్ర అప్పటి నుంచి సాధ్యమైంది. ఫ్లూస్ పరికరానికి మెరుగులు దిద్ది తయారైన 'ప్రోటో' గని ప్రమాదాలలో రక్షకుల వీపు ఎక్కింది. ఫ్రాన్సులో 1943లో కూస్తో, గాన్యాఁ అనే ఇద్దరు సముద్రంలో ఈదేవారికి గాలి సిలిండరును అమర్చారు.

వేసవి అర్పాలో మోకాలి లోతు నీరుంటే గొప్ప; అక్కడ సిలిండరు కట్టుకుని మునిగే అవసరం ఎవరికీ రాదు. కాని గనులలోకి దిగేవారు ఈ జోన్‌లో ఎందరో ఉన్నారు. మనేంద్రగఢ్‌లోని గని రక్షణ కేంద్రంలో ఉక్కు సిలిండరు విలువ అందరికీ తెలుసు. విషవాయువు నిండిన సొరంగంలోకి వెళ్ళే రక్షకుడికి, సముద్రంలోకి దిగే ఈతగాడికి మధ్య తేడా చుట్టూ ఉన్నది నీరా, పొగా అన్నంత మాత్రమే.

ఈతగాళ్ళ సిలిండరు కథ వేరే దారి పట్టింది. 1970ల నుంచి చవకగా దొరికే అల్యూమినియం సిలిండర్లు వారి బజారును ఆక్రమించాయి. ఉక్కును విడువని వారు లేకపోలేదు. అల్యూమినియంది గాలి తరిగేకొద్దీ నీటిలో పైకి తేలాలని చూస్తుంది. ఉక్కుది ఖాళీ అయినా అడుగునే ఉంటుంది కనుక నడుముకు కట్టుకోవలసిన సీసపు బరువు తగ్గుతుంది. ఖరీదు ఎక్కువ, ఉప్పునీటికి తుప్పు భయం ఉంది; అయినా దాని అభిమానులు దాన్నే కోరుతారు. కాని ఆ కొద్దిమంది కోసం తయారీదారులు కూడా కొద్దిమందే మిగిలారు. రుషికొండలో గాని, అండమానులో గాని విదేశీ సిలిండరు నింపాలంటే దానికీ నాగపూరులోని పేలుడు పదార్థాల భద్రతా సంస్థ అనుమతి ఉండాలి. హౌరా నుంచి బొంబాయికి పోయే దారిలో బిలాస్‌పూర్ తరువాత వచ్చే ఆ నగరంలోనే దేశంలోని ప్రతి సిలిండరు జాతకమూ తేలుతుంది.

భారతదేశంలో ఈ పరిశ్రమ ఏనాడూ విశాలమైనది కాదు. 1970లో అలహాబాదు ప్రక్కన నైనిలో ప్రభుత్వం నెలకొల్పిన భారత్ పంప్స్ అండ్ కంప్రెసర్స్ సంస్థ అతుకు లేని సిలిండర్లు తయారుచేసేది. అది తరువాత మూతపడింది. 1978లో జపాను సహకారంతో పుట్టిన ఎవరెస్ట్ కాంటో వంటి ప్రైవేటు సంస్థలు పశ్చిమ తీరాన నిలద్రొక్కుకున్నాయి. వాటికి దొరికిన పెద్ద గిరాకీ ఆసుపత్రుల నుంచి వచ్చినది కాదు. ఢిల్లీ బస్సులన్నీ సహజవాయువుతో నడవాలని 1998లో సుప్రీంకోర్టు ఆదేశించిన తరువాత, మోటారు బండ్ల క్రింద ఇమిడే సిలిండర్లే వాటికి ముఖ్యమైన సరుకు అయ్యాయి. ఆసుపత్రి సిలిండరుకు అటువంటి గిరాకీ ఎలా వస్తుంది? జాగ్రత్తగా వాడుకుంటే అది ముప్పై నలభై ఏళ్ళు పనిచేస్తుంది. తాత నింపించిన సిలిండరునే మనవడూ నింపించుకోవచ్చు. ఏటా క్రొత్తగా కొనేవి కొద్ది. కాబట్టి తయారయ్యేవీ కొద్దే. దీర్ఘాయువే దానికి శాపమైంది.

2021 ఏప్రిల్‌లో గిరాకీ ఒక్కసారి విరుచుకుపడింది. అంతకు ముందు సంవత్సరం ఏప్రిల్, మే నెలలలో కేంద్రం 1,02,400 సిలిండర్లు కొని రాష్ట్రాలకు పంచింది. అవి చాలవని తేలి ఏప్రిల్ 21న మరో 1,27,000 సిలిండర్లకు ఆర్డరు పెట్టింది: 54,000 పెద్దవి, 73,000 చిన్నవి. ఇల్లు కాలుతుంటే బావి త్రవ్వినట్లు ఉందని విమర్శించవచ్చు. కాని బావి త్రవ్వకుండా కూర్చున్నా ఇల్లు కాలేదే. 22వ తేదీ నుంచి కొన్ని మినహాయింపులతో పరిశ్రమలకు ప్రాణవాయువు సరఫరా నిలిపివేశారు. 24న దిగుమతి సిలిండర్లపై మూల కస్టమ్స్ సుంకం మూడు నెలలపాటు ఎత్తివేశారు. విదేశీ కర్మాగారాన్ని స్వయంగా తనిఖీ చేస్తే గాని అనుమతి ఇవ్వరాదన్న పద్ధతిని కూడా ఆ నెలలోనే సడలించారు. పన్నులు తగ్గినంత మాత్రాన సిలిండరు అప్పటికప్పుడు రాదు. సముద్రం దాటి రావాలి.

ఆ లోగా దొరికిన ఉపాయం ఉన్నవాటినే మార్చుకోవటం. నైట్రోజను, ఆర్గాను సిలిండర్లను ప్రాణవాయువుకు మార్చటానికి అనుమతి లభించింది. వినటానికి సులువు, చేయటం ప్రమాదం. అధిక ఒత్తిడిలో ఉన్న ప్రాణవాయువుకు నూనె చుక్క తగిలితే చాలు, నిప్పు పుట్టవచ్చు. లోపలంతా కడిగి, కవాటం మార్చి, రంగు వేసి, అప్పుడు గాని నింపరాదు. ఎసిటిలీను సిలిండరు అయితే ఎంత కడిగినా పనికిరాదు. దాని లోపల ఖాళీ ఉండదు. అసిటోను పీల్చిన స్పాంజి వంటి పదార్థం నిండి ఉంటుంది. అందుకే మండే వాయువుల కవాటాలకు ఎడమ చేతివాటు మర పెడతారు, పొరపాటున కూడా బిగించకుండా. షెడ్డులో పనిచేసే వెల్డరుకు ఇది బళ్ళో నేర్పని పాఠం. ఆ రోజులలో ఇంటికి సిలిండరు తెచ్చుకున్న ఎందరికో ఈ సంగతి తెలియదు.

వేసవి దాటేసరికి గిరాకీ తగ్గింది. ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ బండ్లు మొత్తం 30,000 టన్నులకు పైగా మోసి విశ్రమించాయి. 2021 అక్టోబరు నాటికి పి.ఎం. కేర్స్ నిధితో 1,100కు పైగా ఆసుపత్రులలో గాలి నుంచి అక్కడికక్కడే ప్రాణవాయువు తీసే యంత్రాలు వెలిశాయి. ఆత్రంగా కొన్న సిలిండర్లు గోదాముల గోడలకు చేరగిలబడ్డాయి.

వాటి భుజంమీద 2021 అని గుద్ది ఉంటుంది. చట్టం ప్రకారం అయిదేళ్ళకొకసారి పరీక్ష. ఆ లెక్కన వాటి గడువు 2026. సిలిండరులో నీళ్ళు నింపి, నీటి తొట్టిలో దింపి, మళ్ళీ 250 వరకు ఒత్తిడి ఎక్కిస్తారు. ఉక్కు కొంచెం ఉబ్బుతుంది. ఒత్తిడి తీసివేస్తే తిరిగి మునుపటి రూపానికి రావాలి. ఉబ్బినదానిలో పదవ వంతుకు మించి తిరిగి రాకపోతే ఆ సిలిండరుకు కాలం తీరినట్లే. పరీక్ష ఖర్చు కొత్త సిలిండరు ధరతో పోలిస్తే స్వల్పం. అయినా వాడకంలో లేనిదానికి ఎవరు చేయిస్తారు? పరీక్ష గడువు దాటినది నింపటానికి పనికిరాదు. పరీక్షలో తప్పినదాన్ని మళ్ళీ ఎవరూ అతికి వాడకుండా ముక్కలు కోయాలని నియమం. కోసిన ముక్కలు తుక్కు బేరగాళ్ళ ద్వారా రాయ్‌పూర్ ప్రక్కన ఉర్లా, సిల్తరాలలోని కొలుముల దారి పడతాయి. అక్కడ వాటి ధర కిలో లెక్కన.